ఏనుగు చెవి దగ్గర తెల్ల గీత

నాకు ముక్కు మీద కోపం. మా అమ్మ తెలుగులోనూ, మా సేటు గుజరాతీలోనూ, నా పిల్లలు హిందీలోనూ ఈ మాట చెప్పారు కాబట్టి కాదనడానికి లేదు. ఆ కోపం వల్ల నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆ మనిషి తిరిగి నాకు మేలు చేశాడు. అన్యాయం సంగతి నాకు రెండు నెలలకి తెలిసింది, మేలు సంగతి తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

సూరత్‌లో ఉధ్నా వైపు ఒక మగ్గాల షెడ్డులో చీరల డిజైన్లు వేయడం నా పని. మా నాన్న వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడే సాదా మగ్గాల మీద నేశాడు. నేను లింబాయత్‌లో పెరిగి, గుజరాతీ బడిలో చదువుకుని, కంప్యూటర్ మీద డిజైన్లు వేయడం నేర్చుకున్నాను. షెడ్డులో ఆరు జకార్డు మగ్గాలున్నాయి, అంటే అంచుల్లో, కొంగుల్లో బొమ్మలు నేసేవి. మిగిలినవన్నీ సాదావే. నేను గళ్ల కాగితంలాంటి తెర మీద ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ బొమ్మ తయారుచేస్తాను. అది పూర్తయ్యాక కంప్యూటర్ దాన్ని మగ్గానికి అర్థమయ్యే ఫైలుగా మారుస్తుంది. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే, ఏ పోగు ఎప్పుడు లేవాలో చూసుకుని మగ్గం లేపుతుంది. ఒక చుక్క తప్పితే ఒక పోగు తప్పుతుంది, బట్ట మీద గీత పడుతుంది.

మూడో జకార్డు మగ్గం ఆ మనిషిది. సొంతమని కాదు, పదకొండేళ్లుగా దాని మీద ఇంకెవరూ నేయలేదు. సిరిసిల్ల వైపు మనిషి, యాభై దాటాయి. నేను అన్నా అంటాను, ఆయన చెల్లె అంటాడు. సాదా మగ్గాలు నాలుగైదింటిని ఒక్కరే చూసుకోవచ్చు గానీ జకార్డు దగ్గరికి చేయి తిరిగినవాళ్లనే పంపుతారు. ఊరి నుంచి చుట్టాలు వస్తే ఆయన వాళ్లను వెంటబెట్టుకొచ్చి, మూడో మగ్గం పక్కన నిలబెట్టి, బొమ్మ ఎలా వస్తోందో చూపించేవాడు. మాట్లాడేది తక్కువ. షెడ్డు చప్పుడులో ఎంత అరిచినా వినపడదు గనుక అక్కడ చాలామంది అంతే.

దసరా వెళ్లిన నెలకి నా కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. బాగా పని చేస్తూ చేస్తూ తెర నీలంగా మారిపోయేది. ఇంగ్లీషులో ఏదో క్షమాపణ చెప్పుకుని, దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. మొదట్లో వారానికోసారి, తర్వాత రోజుకి రెండుసార్లు. కొన్ని రోజులు పొద్దున స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉండి, పెట్టెలోంచి కీచుమని మూడు కూతలు వచ్చేవి. నేను పెట్టెకి రెండు దెబ్బలు వేసేదాన్ని. ఒక్కోసారి ఆ దెబ్బలకే లేచేది కాబట్టి నాకు దెబ్బల మీద నమ్మకం కుదిరింది.

చివరికి పెట్టెని ఆటోలో వేసుకుని అడాజన్‌లో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ విప్పి చూసి ర్యామ్ పోయిందన్నాడు. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేసేటప్పుడు అప్పటికప్పటి సంగతులు గుర్తుపెట్టుకునే పట్టీ, అరచేతి పొడవున ఉంటుంది. నా దాంట్లో అలాంటివి రెండున్నాయి, పక్కపక్కన రెండు స్లాట్లలో నిలబెట్టి ఉంటాయి. రెండో స్లాట్‌లో ఉన్న పట్టీ తీసేసి అక్కడ కొత్తది పెట్టాడు. అది రెండు రోజులు బుద్ధిగా ఉండి మూడో రోజు మళ్లీ నీలం తెర చూపించింది. ఫోన్ చేస్తే, "అయితే మదర్‌బోర్డు పోయి ఉంటుంది బెన్, కొత్త కంప్యూటరే కొనుక్కోండి" అన్నాడు. బెన్ అంటే గుజరాతీలో అక్క. పెళ్లి చీరల పని నెత్తి మీద ఉంది. ఆగినప్పుడల్లా మళ్లీ లేపుకుంటూ ఎలాగో లాక్కొచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మూడో మగ్గం మీద చీరల అంచులో గీతలు పడ్డాయి. ఆ అంచు ఏనుగుల వరుస. మెరూన్ రంగు మీద జరీ ఏనుగులు ఒకదాని తోక వెనక ఒకటి నడుస్తుంటాయి. ఏనుగు చెవి దగ్గర గోరంత పొడవున, ఉండకూడని చోట, తెల్ల గీత. ఆయన మగ్గం ఆపి నా గదికి వచ్చాడు.

"చెల్లె, డిజైన్ల ఏమన్న ఉన్నదేమో జర చూడు."

డిజైన్ తెరిచి, పెద్దది చేసి చూపించాను. చెవి నున్నగా ఉంది. "ఇగో అన్నా, నా దగ్గర సాఫ్ ఉన్నది" అన్నాను. అయినా ఆయన మాట తీసేయలేక ఫైలు మళ్లీ తయారుచేసి ఇచ్చాను. ఈసారి చెవి బాగానే వచ్చింది, గీత వెనక కాలి దగ్గర పడింది. మూడోసారి ఇస్తే తొండం దగ్గర పడింది.

గీత చోటు మారేసరికి సేటు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. డిజైన్‌లో తప్పుంటే ఎప్పుడూ ఒకేచోట పడాలి, చోటు మారుతోందంటే నేసేవాడి తప్పే అన్నాడు. నేను తెర తిప్పి చూపించి, నా వైపు తప్పేమీ లేదన్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అన్నకి చూపు తగ్గినట్టుంది సేట్‌జీ, పోగు తెగినా చూసుకోవట్లేదేమో" అని కూడా అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు. నా పని మీద వేలు చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఆ మంటలో నోటికొచ్చింది అనేశాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

సేటు చెడ్డవాడు కాదు. అరవలేదు, పనిలోంచి తీసేస్తాననలేదు. మర్నాటి నుంచి ఆయనను సాదా మగ్గాలకి పంపి, మూడో మగ్గం ఇంకొకరికి అప్పగించాడు. ఆ రోజు నేనిచ్చిన ఫైలు ఎందుకోగానీ శుభ్రంగా వచ్చింది. ఏనుగులన్నీ చక్కగా నడిచాయి, తర్వాతి చీరలన్నీ ఆ ఫైలుతోనే నేశారు, మిగతా మగ్గాలు పాత ఫైళ్లతోనే నడిచాయి. దాంతో ఎవరికీ సందేహం మిగల్లేదు. నాకైతే అసలే లేదు.

సాదా మగ్గాలు షెడ్డుకి ఆ చివర. అటు పోవాలంటే నా గది ముందు నుంచే పోవాలి. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని తలొంచుకుని పోయేవాడు. చుట్టాలను తీసుకురావడం మానేశాడు. కంటి ఆసుపత్రికి వెళ్లొచ్చాడని ఒకరోజు ఎవరో అంటే, నేను చెప్పింది నిజమే కదా అన్నట్టు తల ఊపాను. ఇప్పుడు అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జనవరిలో ఒక ఆదివారం. షెడ్డుకి సెలవు. డిజైన్లు మిగిలిపోయి నేనొక్కదాన్నే గదిలో కూర్చున్నాను. పది గంటలకి ఆయన వచ్చాడు. లుంగీ మీద ఉతికిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచి. నా బల్ల మీద మూడు బట్ట ముక్కలు పరిచాడు.

"కోపం చేయకు చెల్లె. ఒక్క మాట అడిగి పోత."

మొదటి ముక్కలో ఏడు ఏనుగులున్నాయి, ఏడింటికీ చెవి దగ్గరే గీత. రెండో ముక్కలో అన్నిటికీ వెనక కాలి దగ్గర. మూడోదాంట్లో అన్నిటికీ తొండం దగ్గర.

"ఒక్క ఫైలుకు ఒక్కటే జాగ," అన్నాడు. "నువ్వు ఇంకో ఫైలిస్తే ఇంకో జాగ. నా కండ్లే పోతే, ఏడు ఏనుగులకు ఏడు జాగలల్ల పడాలె గద?"

ఆ మాట నిజమని నాకు వెంటనే తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే ఇంకా కోపం వచ్చింది. "ఎన్నిసార్లు చూపియ్యాలె అన్నా, ఇగో సాఫ్ ఉన్నది" అంటూ డిజైన్ తెరిచి తెర ఆయన వైపు తిప్పాను. తిప్పుతుండగానే తెర నీలంగా మారింది.

ఆయన దాని మీదికి వంగాడు.

"గిదేంది?"

"గట్లనే ఐతది అన్నా. పడిపోతది, మల్ల లేస్తది."

"ఎన్నడి సంది?"

"దసరా అయినంక."

ఆయన ఏనుగుల ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు. "గీతలు గూడ దసరా అయినంకనే," అన్నాడు.

తాపీగానే అన్నాడు. రెండు నెలలకు పైగా ఈ రెండు బాధలూ పక్కపక్కనే పడుతున్నాను. రెండూ ఒకటేనేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. డిజైన్ సరిగ్గానే ఉంది. దాన్ని ఫైలుగా మార్చేటప్పుడు కంప్యూటర్ కాసేపు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ గుర్తుపెట్టుకోవడంలోనే ఎక్కడో చుక్కలు తారుమారవుతున్నాయి. నేను అందరికీ చూపించింది డిజైన్, ఆయన మగ్గానికి అందింది ఫైలు. మార్చిన ఫైలుని నేను ఒక్కనాడూ తెరిచి చూడలేదు.

"కొత్త ర్యామ్ గూడ ఏయించిన అన్నా," అన్నాను. గొంతు తగ్గిందని నాకే తెలుస్తోంది. ఆయనకి ర్యామ్ అంటే ఏమిటో తెలియదు. పెట్టె పక్క రేకు విప్పి, రెండు పట్టీలూ రెండు స్లాట్లూ చూపించి, దుకాణంలో ఏం చేశారో చెప్పాను. ఆయన గొంతుక్కూర్చుని, ఏదీ తాకకుండా చాలాసేపు చూశాడు.

"మగ్గం మీద ఒక్క కాడనే పోగు తెగుతున్నదనుకో. ముడేస్తం. మల్ల తెగుతది. కొత్త పోగు ఎక్కిస్తం. మల్ల గాడనే తెగుతది. అప్పుడు పోగుదా తప్పు? అది దూరి వచ్చే కన్ను గరుకు పడి పోగును కోస్తున్నదన్నట్టు." ఆగి నా వైపు చూశాడు. "పట్టీ మార్చిండ్రు. జాగ మార్చిండ్రా?"

మార్చలేదు. ఆ మెకానిక్కూ మార్చలేదు, నేనూ మార్చలేదు. అంత చిన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. కాసేపటి కింద అన్న మీద మండిపడ్డదాన్ని, ఇప్పుడు ఏం చేయాలో చెప్పమని ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.

ఆయన పెట్టిన షరతు ఒకటే. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే, బాగైనా ఏ దానివల్ల బాగైందో తెలియదు. నాలాంటి తొందరమనిషికి అది కష్టమే. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, రెండు పట్టీలూ బయటికి తీశాను. వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది తుడిచాను. పాత పట్టీ ఒక్కదాన్నే మొదటి స్లాట్‌లో పెట్టి లేపాను. మెమరీ సరిగ్గా ఉందో లేదో పరీక్షించుకునే ఏర్పాటు కంప్యూటర్‌లోనే ఉంటుంది. అది నడిపిస్తే ముప్పావుగంట పట్టింది, ఒక్క తప్పు కూడా రాలేదు.

అదే పట్టీని రెండో స్లాట్‌లో పెట్టాను. నల్ల తెర, మూడు కూతలు. తీసి, క్లిప్పులు టక్కుమనేలా గట్టిగా నొక్కి పెట్టాను. లేచింది గానీ పరీక్ష మొదలైన కాసేపటికే తప్పులు చూపించింది. వెంటనే కొత్త పట్టీ పెట్టి చూద్దామని చేయి చాచాను. "ఆగు, మల్ల మొదటి దాంట్ల పెట్టి చూడు. అదే పట్టీ," అన్నాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ ముప్పావుగంట. శుభ్రంగా ఉంది. తర్వాత కొత్త పట్టీకి అదే వరస. మొదటి స్లాట్‌లో బుద్ధిమంతురాలు, రెండో స్లాట్‌లో పెడితే తప్పులే తప్పులు.

ఆ పరీక్షల మధ్య ఆయన బయటికెళ్లి చాయ్, ఇక్కడి శనగపప్పు టిఫిన్ లోచో వేడిగా కట్టించుకొచ్చాడు. నేను తినలేకపోయాను. తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెరుగుతుంటే ఆయన వాటిని చూస్తూ మాట్లాడాడు. నేను ఆయన నోట విన్న అతి పొడుగు మాట అదే.

"నేను నిజంగనే కండ్లు పోయినయనుకున్న చెల్లె. బస్‌స్టాండుల దూరం కెంచి బస్సు నంబరు చదువుకుని, దగ్గరికొచ్చినంక మల్ల చూస్తుంటి. సరిగనే ఉండేది. అయినా నమ్మకం రాకపాయె. సేటు ఒక్కడంటే ఏమోగని, నువ్వు గూడ అన్నవ్ గద, చదువుకున్నదానివి."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. తిట్టకుండా వదిలేసినందుకు ఏం చేయాలో తెలియక చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఇక సందేహం లేదు. పట్టీలు రెండూ మంచివే, రెండో స్లాటే చెడింది. ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూశాను. నా కళ్లద్దాల్లోంచి నాకేమీ కనపడలేదు. ఆయన వంగి చూసి, "గా మూల, పచ్చగ ఏదో పట్టింది. దాని మీద పీచు అతుక్కున్నది," అన్నాడు. టార్చ్ ఇంకాస్త దగ్గరపెట్టి, ఆయన వేలు చూపించినవైపే చూస్తే అప్పుడు కనపడింది. ఆవగింజలో సగమంత ఉంది. స్లాట్ లోపలి సన్నని రాగి పళ్లకి చిలుము పట్టింది.

"నీళ్లు తాకినయా దీనికి?"

తాకలేదని చెప్పబోయి ఆగిపోయాను. మా షెడ్డులో దసరా ముందు రోజు మగ్గాలన్నీ ఆపి, కంప్రెసర్ పైపుతో పీచంతా ఊదేస్తారు. దాన్నే హవా కొట్టడం అంటారు. తర్వాత బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి పూజ చేస్తారు. మొన్నటి దసరాకి, మగ్గాలకి జరిగే మర్యాద నా కంప్యూటర్‌కి మాత్రం ఎందుకు జరగకూడదని నాకు బుద్ధి పుట్టింది. పక్క రేకు విప్పి, నా చేత్తోనే పైపు పట్టుకుని హవా కొట్టాను. లోపలి నుంచి ధూళి లేచిపోతుంటే ఎంత తృప్తిగా అనిపించిందో. పసుపు కుంకుమ పెట్టి దండ కూడా వేశాను.

"దసరాకు హవా కొట్టిన అన్నా," అన్నాను.

"ముందుగాల నేల మీదికి ఇడిసినవా?"

కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, కొంచెం నూనె కూడా కలుస్తుంది. పైపు విప్పగానే వచ్చే మొదటి గాలిలో అదంతా వస్తుంది. అందుకే మగ్గం వాళ్లు ముందు కాసేపు నేల మీదికి వదిలి, గాలి పొడిగా వస్తోందని చేతి మీద చూసుకుని, అప్పుడు మగ్గం వైపు తిప్పుతారు. అది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మా నాన్న చేసేవాడు. నేను మాత్రం తిన్నగా పెట్టెలోకే వదిలాను.

"ఇడువలే అన్నా," అన్నాను.

ఆయన లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు. "అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయన్నట్టు," అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపు వచ్చింది. నేను ఏడుస్తుంటే ఆయన ఏనుగుల ముక్కలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంటూ, అటు తిరిగి నిలబడ్డాడు.

రేపే షెడ్డులో అందరి ముందూ చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. "సేటుకు చెప్పు, చాలు. అందరి ముంగట చెప్తే రేపటి సంది ఎవని మగ్గం మీద గీత పడ్డా నీ దిక్కే వేలు చూపిస్తరు. షెడ్డుల ఆడమనిషివి నువ్వొక్కదానివే. నీకు కష్టమైతది." ఇది నా కోసం చెబుతున్నాడని నాకు తెలుసు. అయినా సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఆయన ఆ మాట అన్నందుకు లోలోపల ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు సేటుకి మొత్తం చెప్పాను. హవా సంగతితో సహా. ఇంకెవరికీ చెప్పొద్దని కూడా అడిగాను. అన్న దగ్గర అడిగి తెచ్చిన మూడు ముక్కలూ సేటు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. "అయితే బెన్, ఆ ఏనుగుల తప్పంతా నీదేనా?" అన్నాడు. నాదేనన్నాను. ఇంకేమీ అడగలేదు. ఎవరి చేతా కబురు పంపకుండా, తనే లేచి సాదా మగ్గాల దాకా నడిచివెళ్లి, ఆయన భుజం మీద చేయి వేసి మూడో మగ్గం దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ మర్యాదకి సేటుకి నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను. రెండో స్లాట్ మళ్లీ పనిచేయలేదు. మందు కొట్టి తుడిపించినా లాభం లేకపోయింది. మొదటి స్లాట్‌లో పెద్ద పట్టీ ఒకటి పెట్టుకుని దాంతోనే నెట్టుకొస్తున్నాను. నీలం తెర మళ్లీ రాలేదు. ప్రతి ఫైలునీ మార్చాక తెరిచి, డిజైన్ పక్కన పెట్టి చూసుకునే ఇస్తున్నాను. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఎండాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం షెడ్డు కుటుంబాలు కొన్ని కలిసి డుమస్ బీచికి వెళ్లాం. ఆయన భార్య, నేను వదినా అని పిలుస్తాను, నా పక్కనే కూర్చుని టమాటా భజియాలు తింటోంది. ఆయన ప్యాంటు మడిచి, దూరంగా నా పిల్లలతో నీళ్ల దగ్గర నిలబడ్డాడు. నేను కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాను.

"కండ్లు మండుతున్నయా చెల్లె?" అంది వదిన. "మీ అన్నకు డాక్టరు చుక్కల మందు రాసిచ్చిండు, గది మంచిగ పనిచేసింది. గా మందుతోనే చూపు తేటపడ్డది, మల్ల పెద్ద మగ్గం ఎక్కిండు. నీకు గూడ పేరు రాసిస్త."

"మందుతోనని ఎవరు చెప్పిండ్రు వదినా?"

"ఆయననే చెప్పిండు. షెడ్డుల ఎవరడిగినా గదే చెప్తడు. కండ్లు పొడిబారినయి, మందేసుకున్న, తగ్గిందని. ఇంకా రోజు రెండు పూటలు నేనే ఏస్తున్న, ఒక్కనాడు గూడ తప్పలే."

నేను నోరు మూసుకోమని సేటుని అడిగాను, సేటు మూసుకున్నాడు. కానీ ఒక మనిషిని చూపు పోయిందని పక్కన పెట్టి, రెండు నెలలకి మళ్లీ తెచ్చి నిలబెడితే, ఎందుకని నలుగురూ అడగరా? వాళ్లకి ఏదో ఒక జవాబు కావాలి కదా? అది నాకు తోచనే లేదు. నా పేరు రాకుండా ఉండాలని ఆయన మంచి కళ్లకి రోగం అంటగట్టుకున్నాడు. భార్యకి కూడా చెప్పకుండా, అక్కర్లేని మందు రోజూ వేయించుకున్నాడు.

అక్కడే వదినకి అంతా చెప్పాను. ఆమె నీళ్ల వైపు చూస్తూ విన్నది. "మరి నాతోని ఎందుకు చెప్పలే?" అంది చివరికి. మళ్లీ తనే, "చెప్తే నేను నీ మీదికి కొట్లాటకు వస్తనని భయపడ్డడు కావచ్చు. వచ్చేదాన్నే," అంది. ఇద్దరం నవ్వాం, కానీ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు.

సోమవారం మధ్యాహ్నం భోజనాలకి మగ్గాలు ఆగినప్పుడు, షెడ్డు మధ్యలో నిలబడి చెప్పాను. అన్న కళ్లకి ఎప్పుడూ ఏమీ కాలేదని, తప్పు నా కంప్యూటర్‌దని, దాన్ని పాడుచేసింది నేనేనని, అది కనిపెట్టింది ఆయనేనని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. కొందరు ఆయన వైపు చూశారు, కొందరు నా వైపు. ఆయన డబ్బా మూత పెట్టుకుంటూ, "ఎందుకు చెప్పినవ్ చెల్లె, అయిపోయిన ముచ్చట," అని మాత్రం అన్నాడు.

ఆయన అన్నట్టే జరిగింది. ఆ వారంలోనే నలుగురు బట్ట ముక్కలు పట్టుకుని నా గదికొచ్చారు. "మేడమ్, మీ కంప్యూటర్ మల్ల గడ్‌బడ్ చేస్తున్నదా?" అని ఒకరు నవ్వుతూ, ఒకరు నవ్వకుండా అడిగారు. ప్రతిసారీ ఫైలు తెరిచి చుక్క చుక్కా చూపించాను. నాలుగూ మగ్గాల తప్పులే, ఒక్కటి కూడా నాది కాదు. అయినా గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా, అడగకముందే ఫైలు తెరిచి పెట్టుకునేదాన్ని. శుక్రవారం ఇంటికెళ్లి, వంటింట్లో స్టవ్ ముందు నిలబడి, ఈ జనం ఇంకెన్నాళ్లు అడుగుతారని మా ఆయన మీద విసుక్కున్నాను.

నాకు అది అయిదు రోజులు. అన్నను, కళ్లు ఎట్లున్నాయని ఎదురుపడ్డ ప్రతివాడూ నెలల తరబడి అడిగాడు. మందుతో మంచిగైనయని ఆయన ప్రతివాడికీ చెప్పాడు. ఆ జవాబు చెబుతూనే రోజూ నీళ్లు తాగడానికి నా గది ముందు నుంచే నడిచి వెళ్లాడు, గది అద్దంలోంచి నేను కనిపిస్తే చేయి ఎత్తి పలకరిస్తూ.